‘నా పేరు ఖాన్’ తరువాత ‘కానీ’ రావచ్చునా?

కరణ్ జోహార్ దర్శకత్వంలో 2010లో వచ్చిన హిందీ చిత్రం ‘మై నేమ్ ఈజ్ ఖాన్’లో కథానాయకుడు రిజ్వాన్ ఖాన్ పదే పదే పలికే ‘మై నేమ్ ఈజ్ ఖాన్, అండ్ ఐ యామ్ నాట్ ఎ టెర్రరిస్ట్’ అన్న మాటను ఒక మిత్రులు ‘నా పేరు ఖాన్, కానీ నేను ఉగ్రవాదిని కాను’ అని తెలుగు చేశారు. వాక్యం సాఫీగానే ఉంది గాని, ఆ ‘కానీ’ని నేను అంగీకరించలేను. ‘పేదవాడు కానీ నిజాయితీపరుడు’ అన్నప్పుడు పేదవారిలో నిజాయితీ అరుదన్న తలంపు చెప్పకుండానే చెప్పినట్లవుతుంది. అలాగే ఇక్కడ ఖాన్ అన్న పేరు గలవారు ఉగ్రవాదులై ఉండడమే సహజమనీ, తానొక్కడే మినహాయింపనీ రిజ్వాన్ నోటనే ఒప్పించినట్లవుతుంది. 2001 సెప్టెంబరు 11 తరువాత అమెరికాలోని ముస్లిముల మీద పడిన అనుమానం సరిగ్గా అదే, సినిమా నిలదీసేదీ దానినే. ఆ అనుమానం ముస్లిముల దగ్గరైనా ఆగలేదు: దాడులు జరిగిన నాలుగో రోజునే అరిజోనాలోని మీసాలో బల్బీర్ సింగ్ సోధీ అనే సిక్కును చంపారు, 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేథాలో మన తెలుగు ఇంజినీరును కాల్చినవాడు తాను ఇరానీయులను కాల్చాననుకున్నాడు.

మూలంలోని ‘అండ్’కు తెలుగులో ‘మరియు’ సైతం అక్కరలేదు. ‘నా పేరు ఖాన్. నేను ఉగ్రవాదిని కాను’ అని పక్కపక్కన నిలిపితే చాలు. (‘ఖాన్’ను గొంతు లోపలి నుంచి పలకాలని రిజ్వాన్ పట్టుబట్టే ఆ ధ్వనికి మన లిపిలో అక్షరం లేదు కనుక ‘ఖ’తోనే సరిపెట్టుకోక తప్పదు.)

అసలు చిక్కు రెండో వాక్యంలో ఉంది. అమెరికా అధ్యక్షుణ్ణి చూడవచ్చిన జనం మధ్య నిలబడి రిజ్వాన్ ఈ మాటే గట్టిగా అన్నప్పుడు, చుట్టూ ఉన్నవారి చెవికి ‘టెర్రరిస్ట్’ ఒక్కటే ఆనుతుంది. కలకలం రేగుతుంది, అతణ్ణి నిర్బంధించి ప్రశ్నిస్తారు. ఇంగ్లీషులో ‘నాట్’ ముందే వచ్చినా ఎవరికీ వినబడలేదు. తెలుగులోనైతే ‘కాను’ అనే నిషేధార్థక పదం చిట్టచివర వస్తుంది. పైగా మన నామపదానికే ఉత్తమపురుష ప్రత్యయం (‘నేను’ను సూచించే ‘ని’) చేరుతుంది కనుక, ‘కాను’ అనేలోగా ఎవరైనా అతని నోరు నొక్కితే మిగిలే ‘నేను ఉగ్రవాదిని’ అన్నది పూర్తి వాక్యమై, నేరాంగీకారమై కూర్చుంటుంది. ఆ సన్నివేశానికి తెలుగు సంభాషణ రాసేవారికి ఇంతకంటె మంచి అవకాశం దొరకదు.

‘ఉగ్రవాదిని కాదు’ అనడం నేటి వాడుకలో ఉన్నదే, దానిని తప్పనను. అయితే ఆస్పెర్గర్ (ఒక రకం ఆటిజం) లక్షణాల వల్ల ప్రతి మాటనూ ఉన్నదున్నట్టు, పొల్లుపోకుండా పలికే రిజ్వాన్ నోటికి, ‘నేను’తో అన్వయం తెగని ‘కాను’ అన్న రూపమే తగినదని నా అభిప్రాయం.