చర్చ: మట్టంచేరి సినగాగు పైకప్పు జెరూసలేంలో ఉండటం న్యాయమేనా?

రేపల్లె మాస్టారు

2020 సంక్రాంతి సెలవుల్లో ఇంట్లోవాళ్లతో కొచ్చి వెళ్లాను. అందరిలాగే మట్టంచేరిలో పరదేశి సినగాగు చూశాం. 1568లో కట్టిన యూదుల ప్రార్థనా మందిరం అది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్తే కాళ్ల కింద చల్లగా చైనా పింగాణీ పలకలు, తెలుపు మీద నీలం రంగుతో చేత్తో వేసిన బొమ్మలు. ఏ రెండూ ఒకేలా ఉండవని చెబితే మా అమ్మాయి నమ్మలేదు. మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు వెతికింది, జత దొరకలేదు.

అక్కణ్నుంచి అదే పేటలో ఉన్న కడవుంభాగం సినగాగు దగ్గరికి నడిచాం. ఇది పరదేశి కంటే పాతది. 2019 వానలకు కూలిన గోడ అలాగే ఉంది, శిథిలాల మధ్య పిచ్చిమొక్కలు మొలిచాయి. అదేమిటో చెప్పే బోర్డు ఒక్కటీ మాకు కనిపించలేదు. దాని లోపలి చెక్కపని, చెక్కిన పైకప్పుతో సహా, 1991లో జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియం కొనుక్కుని తీసుకెళ్లింది. 1995 నుంచి అక్కడ ప్రదర్శనలో ఉంది.

పైకప్పేమో అక్కడ భద్రంగా ఉంది, గోడలేమో ఇక్కడ కూలిపోయాయి. మన అమరావతి శిల్పాలు లండన్‌లోనూ చెన్నైలోనూ ఉండిపోయిన సంగతే గుర్తొచ్చింది నాకు. వారసత్వం పుట్టినచోటే ఉండాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

నిజామాబాద్ అమ్మాయి

మాస్టారూ, నేను ఆరేళ్లుగా టెల్ అవీవ్ దగ్గర ఒక పెద్దావిడను చూసుకునే పనిలో ఉన్నాను. ఒక శనివారం సెలవు దొరికితే ఆ మ్యూజియానికి వెళ్లాను. ఇటలీ, జర్మనీ, సురినామ్ నుంచి తెచ్చిన సినగాగుల పక్కనే మన కొచ్చిది ఉంది. తల ఎత్తితే పైకప్పు నిండా తామరపూలు, అచ్చం మన గుళ్లలోలాగే. పరాయి దేశంలో అలా నిలబడి చూస్తుంటే నాకు కళ్లలో నీళ్లొచ్చాయి.

అమరావతితో పోలిక మాత్రం నేను ఒప్పుకోను. అమరావతి రాళ్లను తెల్లదొరలు పట్టుకెళ్లారు. కొచ్చి యూదులు తామే బయల్దేరి వచ్చారు. 1950ల్లో ఊళ్లకి ఊళ్లే ఖాళీ అయ్యాయి. వాళ్ల మనవలు, మునిమనవలు ఇక్కడే ఉన్నారు. బీర్షెబా దగ్గర నెవాటిమ్ అనే ఊళ్లో ఎక్కువమంది వాళ్లే. తాత ప్రార్థన చేసిన పైకప్పు చూడాలంటే ఆ పిల్లలు కొచ్చికి టికెట్ కొనుక్కోవాలా?

చెక్కపని

పాత ఇళ్ల తలుపులు, దూలాలు బాగుచేయడం నా వృత్తి కాబట్టి ఆ వైపు నుంచి ఒక మాట. కేరళలో ఏటా రెండు వానాకాలాలు, దానికి తోడు ఉప్పుగాలి, చెదలు. మనుషులు వాడని కట్టడంలో ముందు పైకప్పు కారుతుంది, తర్వాత దూలం నానుతుంది, ఆపైన గోడ పడుతుంది. 1991లో విప్పి తీసుకెళ్లకపోయి ఉంటే ఆ తామరపూలు ఈపాటికి మట్టిలో కలిసేవని నా నమ్మకం.

అయినా చోటు విలువ నాకు కొచ్చికి ఉత్తరాన ఉన్న పరవూరులో తెలిసింది. అక్కడి సినగాగును పాత ముజిరిస్ రేవు ప్రాంతపు కట్టడాలను కాపాడే ముజిరిస్ ప్రాజెక్టు కింద ప్రభుత్వం బాగుచేసి మ్యూజియం చేసింది. తోరా, అంటే యూదుల పవిత్ర గ్రంథం, చుట్టలు ఉంచే అసలు మందసం ఇజ్రాయెల్ వెళ్లిపోయింది, ఇప్పుడు ఉన్నది నకలు. దాన్ని చూసి వెలితిగానే అనిపించింది. కానీ వీధి గుమ్మం దాటి, స్తంభాల మధ్య నీడలో నడిచి, మందిరంలోకి అడుగుపెట్టి, పైన తోరా చదివే రెండో వేదిక చూసినప్పుడు ఆ వెలితి మర్చిపోయాను. ఆడవాళ్లు కూర్చునే మేడ ముందు భాగంలోనే ఈ రెండో వేదిక ఉంటుంది. కేరళ సినగాగుల్లో తప్ప ఈ ఏర్పాటు ఇంకెక్కడా లేదంటారు. ఆ నడకని ఏ మ్యూజియమూ పెట్టెలో పెట్టి తీసుకెళ్లలేదు.

చేబ్రోలు

మీరంతా కలప గురించే మాట్లాడుతున్నారు. మా పక్కనే కొత్తరెడ్డిపాలెంలో తాము యూదులమని చెప్పే, తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం వాళ్లున్నారు, ఎక్కువమంది మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లే. 1990ల మొదట్లో చిన్న సినగాగు కట్టుకున్నారు. శుక్రవారం సాయంత్రం మొదలయ్యే విశ్రాంతి దినం సబ్బాతు పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. ఇజ్రాయెల్ ప్రభుత్వం మాత్రం వీళ్లను ఇంకా యూదులుగా గుర్తించలేదు. అక్కడ మ్యూజియంలో పెట్టేంత పాత వస్తువేమీ లేదు, కానీ శుక్రవారం సాయంత్రం దీపం వెలుగుతుంది. మట్టంచేరిలో ఎన్ని వేలాడే దీపాలున్నా, ప్రార్థనకు కావలసిన పదిమంది మగవాళ్లు దొరకడమే కష్టమైపోయింది కదా.

ఇంకో సంగతి. కొచ్చి యూదు స్త్రీలు పెళ్లిళ్లలో పాడుకునే మలయాళం పాటలను నోటు పుస్తకాల్లో రాసుకుని వెంట తీసుకెళ్లారు. పండితులు ఆ పుస్తకాలు వెతికి, పాడగలిగిన ముసలమ్మల గొంతులు రికార్డు చేశారు కాబట్టి ఆ పాటలు మిగిలాయి. నన్నడిగితే ఆ పుస్తకాలకు పైకప్పు కంటే ఎక్కువ విలువ.

రేపల్లె మాస్టారు

అమ్మాయీ, అమరావతి పోలిక వెనక్కి తీసుకుంటున్నాను. సొంతవాళ్లు వెంట తీసుకెళ్లడం, పరాయివాళ్లు ఎత్తుకెళ్లడం ఒకటి కాదు. చెక్కపని గారు చెప్పిన వానల మాట కూడా ఒప్పుకుంటాను. చేబ్రోలు గారూ, పాటల పుస్తకాల సంగతి నాకు తెలియదు, చెప్పినందుకు సంతోషం.

కానీ ఒక్క విషయంలో నా మాట మీదే ఉన్నాను. పైకప్పు విప్పిన రోజునే గోడల సంగతి కూడా ఎవరో ఒకరు పట్టించుకోవాల్సింది. విలువైనది తీసేశాం, మిగిలింది డొల్ల అనుకుంటే పాతికేళ్లలో అది కూలకుండా ఎలా ఉంటుంది? ఎర్నాకుళంలో ఇదే కడవుంభాగం పేరుతో ఉన్న ఇంకో సినగాగు చూడండి. అక్కడి యూదు పెద్ద ఒకరు ఏళ్ల తరబడి ముందు భాగంలో అక్వేరియం చేపలు, మొక్కలు అమ్ముకుంటూ వెనక ప్రార్థన గదిని కాపాడారు. తర్వాత బాగుచేయించారు. రోజూ తాళం తీసే మనిషి ఉన్నాడు కాబట్టే అది నిలబడింది.

ఇప్పుడు పైకప్పు వెనక్కి రావాలని నేను అడగను. మట్టంచేరిలో ఆ గోడల దగ్గర పైకప్పు ఫొటో ఒకటి, జెరూసలేంలో పైకప్పు కింద ఆ గోడల ఫొటో ఒకటి పెట్టాలి. అమ్మాయీ, మళ్లీ సెలవు దొరికినప్పుడు వెళితే, అక్కడ అలాంటిదేమైనా ఉందేమో చూసి ఇక్కడ రాస్తావా?