పోటీవాళ్ల ఆటలోంచి ఐడియా తీసుకోవడం తప్పా? నెల్లూరు, ఒంగోలు గేమర్లు చెప్పండి

కావలి కుర్రాడు:
అందరికీ నమస్తే. ఉద్యోగం చేసుకుంటూనే రెండేళ్లు రాత్రిళ్లు కూర్చుని ఫోన్‌లో ఆడే పులి-మేక ఆట తయారు చేశాను. మా ఊరి రామాలయం అరుగు మీద చెక్కిన గీతలే నా బోర్డు. మేక బొమ్మ మా అమ్మమ్మ వాళ్ల మేకని చూసి గీశాను. దానికి ఎడమ చెవి కొస చిరిగి ఉండేది, అదీ అలాగే గీశాను. ఆట బయటికొచ్చిన నెలలోపే ఇంకెవరో అలాంటిదే ఒకటి పెట్టారు. దించుకుని చూస్తే వాళ్ల మేకకీ ఎడమ చెవి చిరిగే ఉంది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఫ్రెండ్స్ అందరిదీ ఒకటే మాట. జపాన్ గేమ్ కంపెనీ నింటెండో చూడు, పాల్‌వరల్డ్ అనే ఆట చేసిన పాకెట్‌పెయిర్ కంపెనీ మీద 2024 సెప్టెంబరులో టోక్యోలో పేటెంటు కేసు వేసింది, నువ్వూ పేటెంటు తీసుకోవాల్సింది అంటున్నారు. నాకేమో రెండు వైపులా లాగుతోంది. ఒక కంపెనీ ఐడియా ఇంకో కంపెనీ తీసుకోవడం అసలు ఆపించాలా?

పొదలకూరు రోడ్డు:
తమ్ముడూ, నీకు జరిగింది దొంగతనమే. కానీ దాన్ని పట్టుకుని ఐడియాలకే తాళం వేయమంటే నేను ఒప్పుకోను.

మా పిన్ని కొడుకు కందుకూరులో ఉంటాడు. పుట్టుకతో వినపడదు. టీమ్‌గా ఆడే షూటింగ్ ఆటల్లో మైకులో మాట్లాడడని వాణ్ని తీసేసేవాళ్లు. 2019 ఫిబ్రవరిలో ఏపెక్స్ లెజెండ్స్ అనే షూటింగ్ ఆట వచ్చింది. అందులో పింగ్ పద్ధతి ఎంత బాగా చేశారంటే, ఒక్క బటన్ నొక్కితే శత్రువు ఇక్కడ, తుపాకీ ఇక్కడ అని టీమ్ అందరికీ గుర్తు పడుతుంది. నెల తిరక్కుండానే ఫోర్ట్‌నైట్ అనే ఇంకో షూటింగ్ ఆట కూడా పింగ్ పెట్టేసింది. ఇప్పుడు మావాడు ఆడుతుంటే పక్కన కూర్చుని చూస్తాను. కళ్లు స్క్రీన్ మీద, వేలు బటన్ మీద, టకటకా గుర్తులు పెడుతూ నలుగురినీ వాడే నడిపిస్తుంటాడు. ఏపెక్స్ వాళ్లు 'ఇది మాది, ఎవరూ ముట్టుకోవద్దు' అని ఉంటే వాడు ఆ ఒక్క ఆట దగ్గరే ఆగిపోయేవాడు.

అంతెందుకు, పబ్జీ 2017 మార్చిలో వచ్చింది. సెప్టెంబరుకల్లా ఫోర్ట్‌నైట్ వాళ్లు కూడా అలాగే వంద మంది దిగి ఆఖరికి మిగిలినవాళ్లు గెలిచే ఆట పెట్టారు. పబ్జీ వాళ్లు కొరియాలో కేసు వేసి, 2018లో వాళ్లే వెనక్కి తీసుకున్నారు. రెండు ఆటలూ బతికాయి. ఒకటి ఆడేవాడికి రెండోది ఆడుతుంటే తేడా తెలుస్తుంది.

వేదాయపాళెం:
అన్నా, పెద్దోళ్ల మధ్య అయితే మీరు చెప్పింది సరే. చిన్నోళ్ల సంగతేంది? త్రీస్ అనే అంకెల ఆట 2014 ఫిబ్రవరిలో వచ్చింది. దాన్ని చేసినవాళ్లు దాదాపు 14 నెలలు కుస్తీ పట్టారు. మార్చిలో దాన్ని పోలిన 2048 అనే ఆట వచ్చింది, ఇటలీ కుర్రాడొకడు శని, ఆదివారాల్లో చేసి ఉచితంగా పెట్టేశాడు. మన బస్టాండులో ఎవరినడిగినా 2048 తెలుసంటారు. త్రీస్ అంటే మొహం చూస్తారు. ఆ అబ్బాయి చెడ్డవాడని అనను, డబ్బు కోసం చేయలేదు. కానీ 14 నెలల కష్టం ఏమైనట్టు?

పొదలకూరు రోడ్డు:
మన ఒంగోలు గిత్తల్ని బ్రెజిల్ పట్టుకెళ్లి పెంచుకున్నారు. వాళ్ల మాంసపు పశువుల్లో ఎక్కువ భాగం ఆ జాతే. మనం ఏడుస్తున్నామా?

వేదాయపాళెం:
వాళ్లు దానికి 'నెలోర్' అని మన ఊరి పేరే పెట్టుకున్నారన్నా. ఎక్కడి నుంచి వచ్చిందో పేరులోనే ఉంది. ఆటలు కాపీ కొట్టేవాళ్లు ఆ మాత్రం కూడా చేయరు, నా బాధ అదే.

ఒంగోలు వకీలు:
పేటెంటు మాట మర్చిపోండి బాబూ. మన పేటెంట్ల చట్టం, 1970లో సెక్షన్ 3(ఎం) ఉంది. ఆట ఆడే పద్ధతికి ఇక్కడ పేటెంటు ఇవ్వరు. మీరు చూడాల్సింది కాపీరైటు. ఒక నాటకానికీ సినిమాకీ మధ్య నడిచిన కేసులో 1978లోనే సుప్రీంకోర్టు తేల్చింది, ఐడియా మీద కాపీరైటు ఉండదు, దాన్ని మలిచిన తీరు మీదే ఉంటుందని. అమెరికాలో 2012లో టెట్రిస్ వాళ్ల కేసులోనూ అంతే. పడే ముక్కల్ని పేర్చి వరస నింపాలన్న రూలు ఎవరైనా వాడుకోవచ్చు. అయితే ముక్కల ఆకారాలూ, 10 గడుల వెడల్పు 20 గడుల ఎత్తు బోర్డూ మొత్తం దించేశారు కాబట్టి టెట్రిస్ వాళ్లే గెలిచారు.

చెవి చిరిగిన మేక మీది. పులి-మేక మీది కాదు.

ఉదయగిరి కోడలు:
మా ఇంట్లో చెక్క గరిటెల పని. వకీలు గారి మాట నాకు బాగా అర్థమైంది. గరిటె ఎవరైనా చెక్కుకోవచ్చు, మేం కాదనం. మెషిన్ మీద తీసి 'ఉదయగిరి గరిటె' అని అమ్మితేనే కడుపు మండుతుంది. అందుకే ఆ పేరుకి జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సరుకుకే ఆ పేరు చెందుతుందన్న గుర్తింపు, ఉంది.

కావలి కుర్రాడు:
వకీలు గారూ, మీ ఆఖరి మాట మొదట గుచ్చుకుంది, కానీ నిజం. మూడు పులులూ పదిహేను మేకలూ నేను కనిపెట్టలేదు. నేపాల్ వాళ్లు నాలుగు పులులూ ఇరవై మేకలతో ఆడతారు. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో ఎవరడుగుతారు?

నిన్నంతా పేటెంట్ల గురించే చదివాను. లోడింగ్ అవుతుండగా చిన్న ఆట ఆడించే పద్ధతి మీద నామ్‌కో అనే జపాన్ గేమ్ కంపెనీ అమెరికాలో పేటెంటు తీసుకుంది. అది 2015 దాకా నడిచింది. అన్నాళ్లూ మనం ఖాళీ గీత నిండటం చూస్తూ కూర్చున్నాం. ఇంకోటి, షాడో ఆఫ్ మోర్డర్ అనే ఆటలో మనల్ని ఓడించిన శత్రువు మనల్ని గుర్తుపెట్టుకుని పగబట్టి మళ్లీ వస్తాడు. నెమెసిస్ అనే ఆ పద్ధతి మీద, ఆ ఆట తెచ్చిన వార్నర్ కంపెనీ వాళ్లకి 2021లో పేటెంటు వచ్చింది. దాన్ని తయారు చేసిన మోనోలిత్ స్టూడియోని 2025లో మూసేశారు. చేసినవాళ్లు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు, పేటెంటు మాత్రం బతికే ఉంది. అంత మంచి ఐడియాని వాళ్లూ వాడటం లేదు, వేరేవాళ్లని వాడనివ్వడం లేదు. నాకు చెవి చిరిగిన మేక కంటే దీని మీదే ఎక్కువ కోపం వచ్చింది.

వేదాయపాళెం తమ్ముడి బాధకి నా దగ్గర జవాబు లేదు. వారంలో కాపీ కొట్టేవాణ్ని ఏ కోర్టూ వారంలో ఆపలేదు. అయినా రూల్స్ మీద గొళ్లెం పెడితే మొదట ఇరుక్కునేది నాలాంటివాడే. కేసుకి డబ్బెక్కడిది?

మేక పెన్సిల్ బొమ్మ ఉన్న నోటుబుక్కు దొరికింది, తేదీతో సహా. ఆ పేజీ ఫొటో, వాళ్ల ఆట స్క్రీన్‌షాటు పక్కపక్కన పెట్టి యాప్ స్టోర్‌కి ఇప్పుడే ఫిర్యాదు పంపాను. బొమ్మ గురించే రాశాను. పులి-మేక గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు.