ప్లేయర్స్ 'సైక్లింగ్' కార్డులు: ఆల్బమ్ నుంచి ఊడదీయాలా?

కొత్తకలెక్టర్: బ్రిటన్ సిగరెట్ కంపెనీ జాన్ ప్లేయర్ అండ్ సన్స్ వాళ్ల 1939 నాటి 'సైక్లింగ్' సిగరెట్ కార్డులు కొన్నాను. 50 కార్డులూ ఆల్బమ్‌లో అంటించే ఉన్నాయి. నీళ్లలో నానబెట్టి ఊడదీయొచ్చా? ఇంకో సందేహం, సిగరెట్ ప్యాకెట్‌లో ఈ బొమ్మలు అసలెందుకు పెట్టేవారు?

పాతకాగితం: దయచేసి ఆ పని మాత్రం చేయకండి! అవి అంటించుకోవడానికే చేసిన కార్డులు. వెనక జిగురు పూసి మరీ ఇచ్చేవారు. ఖాళీ ఆల్బమ్‌ను పెన్నీకి అమ్మేవారు. కార్డు వెనకున్న వివరమే ఆల్బమ్ పేజీలోనూ అచ్చయి ఉంటుంది, కాబట్టి మీరు చదవలేకపోతున్నది ఏమీ లేదు. పైగా 1940లో యుద్ధం వల్ల బ్రిటన్‌లో కార్డులు ఆగిపోయాయి. మీ దగ్గరున్నది చివరి సెట్లలో ఒకటి.

రెండోకాపీ: రెండో ప్రశ్నకి జవాబు తేలికే. అప్పటి ప్యాకెట్లు మెత్తటి కాగితంవి. సిగరెట్లు నలగకుండా లోపల అట్టముక్క పెట్టేవారు. ఖాళీగా ఎందుకని దాని మీద బొమ్మ వేశారు.

పాతకాగితం: అందరూ చెప్పే మాటే ఇది, నాకైతే సగమే అనిపిస్తుంది. అట్ట గట్టిగా ఉంటే చాలనుకుంటే 50 రకాల బొమ్మలెందుకు, వాటికి నంబర్లెందుకు? 1880ల్లో అమెరికాలో సిగరెట్లు చుట్టే బాన్సాక్ యంత్రం వచ్చింది. నిమిషానికి దాదాపు 200 సిగరెట్లు. జేమ్స్ డ్యూక్ అనే వ్యాపారి సిగరెట్ కంపెనీ దాన్ని పట్టుకుని గుట్టలుగా తయారుచేసింది. మరి అవన్నీ కొనేదెవరు? సెట్‌లో ఒక్క కార్డు తక్కువైతే చాలు, మనిషి పక్క బ్రాండ్ వైపు చూడడు. అక్కడే రిచ్మండ్‌లో అలెన్ అండ్ గింటర్ అనే సిగరెట్ కంపెనీ వాళ్లు బాక్సర్లనీ, బేస్‌బాల్ ఆటగాళ్లనీ, పక్షుల్నీ అచ్చేసింది అందుకే. (పక్షుల బొమ్మలు ఎంత ముద్దుగా ఉంటాయో.) 1890లో ఈ పెద్ద కంపెనీలన్నీ కలిసి అమెరికన్ టొబాకో అనే ఒకే కంపెనీ అయ్యాయి. పోటీ పోయింది, ఆ వెంటే కార్డులూ తగ్గిపోయాయి. అట్ట అవసరం మాత్రం పోలేదు కదా!

బ్రిటన్‌లో కథ తిరగబడింది. 1901లో డ్యూక్ లివర్‌పూల్‌లోని ఆగ్డెన్స్ సిగరెట్ కంపెనీని కొనేసరికి విల్స్, ప్లేయర్స్ లాంటి 13 కంపెనీలు కలిసి ఇంపీరియల్‌గా ఏర్పడ్డాయి. ఆ పోరులో కార్డులు వరదలా వచ్చాయి.

రెండోకాపీ: సరే, ఒప్పుకున్నా. కానీ అమెరికా బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ బొమ్మున్న సిగరెట్ కార్డు 2022లో 72.5 లక్షల డాలర్లకు పోయింది. ఈ సైకిళ్లకూ అలాంటి రాత ఉందా?

పాతకాగితం: లేదు. వాగ్నర్ కార్డును మధ్యలోనే ఆపేశారు, మిగిలినవి చాలా కొద్ది. ప్లేయర్స్ వాళ్లవి లెక్కలేనన్ని అచ్చయ్యాయి. చూసుకుని మురిసిపోవడానికి కొనండి.

కొత్తకలెక్టర్: గిన్నెలో నీళ్లు పోసి పెట్టాను, పారబోస్తున్నా. ఆల్బమ్‌ను నిలబెట్టి ఉంచాలా, పడుకోబెట్టాలా?

పాతకాగితం: పడుకోబెట్టండి. పైన బరువు పెట్టకండి.