పాట వినిపిస్తే ‘సూపర్’ అంటారు, లేదంటే ‘రాగం నేర్చుకో’ అంటారు. మధ్యలో ఇంకేమీ లేదా?

కొత్తబాణీ:
హిందోళ రాగంలో ఒక పాట కట్టాను. 3 నిమిషాల 20 సెకన్లు. ఆఫీసు నుంచి వచ్చాక రాత్రిళ్ళు కూర్చుని చేస్తే నెలన్నర పట్టింది. వాట్సాప్ గ్రూపులో పెట్టిన రెండో నిమిషానికే 14 మంది ‘సూపర్ బ్రో’ అన్నారు. పాట అయిపోకముందే! ఒకాయన మాత్రం ‘ఇది హిందోళం కాదు, ముందు రాగం నేర్చుకో’ అని రాశారు. ఎక్కడ తప్పిందో అడిగితే జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎదుటివాళ్ళ పాట గురించి మీరు ఎలా చెబుతారు? మీ పాట గురించి ఎలా అడుగుతారు? నా షడ్జం (‘స’) కీబోర్డులో సి. చరణంలో సి మైనర్ కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుత్తి) వేశాను.

శ్రుతిపెట్టె:
సి మైనర్‌లో జి ఉంది. అది పంచమం. హిందోళంలో రిషభం, పంచమం రెండూ ఉండవు. ఆయన అన్నది నిజమే. 30 ఏళ్ళుగా పిల్లలకు సంగీతం చెబుతున్నాను. స్వరాలు తెలియకుండా రాగం పేరు పెట్టకూడదు.

మిక్సింగ్‌పిచ్చి:
మాస్టారూ, తప్పెక్కడో మీరు రెండు ముక్కల్లో చెప్పారు. ఆయన కూడా అదే చెప్పి ఉంటే తమ్ముడికి నిద్ర పట్టేది. తమ్ముడూ, ఎఫ్ మైనర్, ఏ ఫ్లాట్ మేజర్ వేసి చూడు. రెండూ హిందోళం స్వరాలతోనే వస్తాయి. నాకైతే రెండేళ్ళ పాటు అందరూ ‘మిక్స్ బాలేదు’ అన్నారు. ఎందుకు బాలేదో ఎవరూ చెప్పలేదు. చివరికి ఒకాయన ‘300 హెర్ట్జ్ దగ్గర గొంతూ వీణా ఒకదాన్నొకటి తొక్కేసుకుంటున్నాయి, వీణ అక్కడ కొంచెం తగ్గించు’ అన్నాడు. పది నిమిషాల పని!

తీగమల్లె:
నేను సాహిత్యం రాస్తాను, చిన్న బాణీలూ కడతాను. నా పాటకు ఎప్పుడూ వచ్చే మాట ‘లిరిక్స్ బాగున్నాయి’. ఏ పాదం, ఎందుకు? రెండు నెలల క్రితం ఇక్కడే ఒక పాట పెట్టాను. ఎవరూ వినలేదు.

అట్లాంటా_కీస్:
శ్రుతిపెట్టె గారూ, కార్డ్‌లో స్వరం వేరు, గొంతు పాడే స్వరం వేరు. గొంతు హిందోళంలోనే ఉంటే వెనకాల పంచమం మోగితే ఏమైంది? మన కచేరీల్లో హిందోళం పాడేటప్పుడు తంబురాలో పంచమం మోగుతూనే ఉంటుంది కదా?

శ్రుతిపెట్టె:
తంబురా శ్రుతి రాగంలో భాగం కాదు. ఇవే స్వరాలున్న మాల్కౌంస్ రాగం పాడే హిందుస్తానీ వాళ్ళు పంచమం తీగను మధ్యమానికి మార్చుకుంటారు. ఎందుకో ఆలోచించండి.

అట్లాంటా_కీస్:
వాళ్ళు మారుస్తారు, మనం మార్చం. నేనూ అదే అంటున్నాను.

శ్రుతిపెట్టె:
నాకు పాఠం చెప్పకండి.

ఆదితాళం:
ఇద్దరూ ఆగండి, తమ్ముడు అడిగింది ఇది కాదు. నేను మొదటిసారి ఊరికే వింటాను. రెండోసారి కాగితం మీద టైమ్ రాసుకుంటాను. మిశ్ర చాపులో, అంటే ఏడు లెక్కల తాళంలో, కట్టిన నా పాటకు ఒక స్నేహితుడు ‘1:48 దగ్గర చరణం నుంచి పల్లవికి వచ్చేటప్పుడు ఏడు పూర్తి కాకుండానే ఎత్తుకున్నావు’ అని రాశాడు. లెక్కపెట్టి చూస్తే ఆరే ఉన్నాయి. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఇంతకీ హిందోళం తోడి జన్యమా (దాని నుంచి పుట్టిన రాగమా), నఠభైరవి జన్యమా?

శ్రుతిపెట్టె:
నఠభైరవి. 20వ మేళం (మాతృరాగం).

అట్లాంటా_కీస్:
రిషభమే లేనప్పుడు 8వ మేళం తోడి ఎందుకు కాకూడదు? రెంటిలోనూ మిగతా స్వరాలు అవే.

శ్రుతిపెట్టె:
ఇలా ప్రతిదానికీ ఎదురు చెప్పేవాళ్ళకు రాగం రాదు.

మిక్సింగ్‌పిచ్చి:
మాస్టారూ, ఆ మాట తగదు.

శ్రుతిపెట్టె:
తగదు, ఒప్పుకుంటాను. ఒక సంగతి చెబుతాను. నా దగ్గర నేర్చుకునే ఒక పిల్లకు పై షడ్జం దగ్గర శ్రుతి తగ్గేది. బాధపడుతుందని ‘బాగుందమ్మా’ అంటూ వచ్చాను. పోటీలో న్యాయనిర్ణేత అందరి ముందూ అనేశారు. ఆ పిల్ల పాడటం మానేసింది. అప్పటి నుంచి మెత్తగా చెప్పడమంటే నాకు భయం.

తీగమల్లె:
మాస్టారూ, మీరు మెత్తగా చెప్పడం వల్ల కాదు, అసలు చెప్పకపోవడం వల్ల అలా జరిగింది. ‘పల్లవి హాయిగా ఉంది, పై షడ్జం ఒక్కటే రోజూ నిలబెట్టి పాడమ్మా’ అని ఉంటే వినేది కదా.

శ్రుతిపెట్టె:
వినేదేమో.

ఆదితాళం:
ఇయర్‌ఫోన్స్ ఏవి వాడుతున్నారు అందరూ? నావి ఒక పక్క పనిచేయడం లేదు.

మిక్సింగ్‌పిచ్చి:
ఏవైనా సరే, చివర్లో ఒకసారి ఫోన్ స్పీకర్‌లో కూడా వినండి. ఎక్కువమంది వినేది అందులోనే. బేస్ ఒక్కదాని మీదే నడిచే చోటు అక్కడ మాయమైపోతుంది.

కొత్తబాణీ:
సి మైనర్ తీసేసి ఎఫ్ మైనర్ పెట్టాను. చరణం 40 సెకన్లు మళ్ళీ పెడుతున్నాను. ఈసారి అడగాల్సింది ఒక్కటే: 0:25 దగ్గర గొంతు దిగేటప్పుడు గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) చాలిందా?

తీగమల్లె అక్కా, మీ పాట ఇప్పుడే రెండుసార్లు విన్నాను. ‘పూలు వాడలేదు’ అన్నచోట, 1:20 దగ్గర, బాణీ ‘వాడ’ దగ్గర ఆగి ‘లేదు’ తాళం తర్వాతి చుట్టులో పడుతోంది. ‘వాడ లేదు’ అని వినిపించి, ఏ వాడ అనుకున్నాను. ‘వా’ను కొంచెం సాగదీసి మిగతాది ఒకే ఎత్తులో అంటే కుదురుతుందా? పల్లవి మాత్రం పొద్దున్నుంచి నోట్లో ఆడుతోంది.

తీగమల్లె:
అయ్యో, ఇన్నాళ్ళూ నాకు తట్టనే లేదు. రాత్రికి మార్చి పెడతాను తమ్ముడూ.

శ్రుతిపెట్టె:
కొత్తబాణీ, విన్నాను. 0:25 దగ్గర గాంధారం బల్లపరుపుగా ఉంది. మధ్యమం నుంచి జార్చి చూడు. ధైవతం బాగా పట్టావు.