ల్యాబ్ (ల్యాబ్రడార్) కుక్కకి రాత్రి నుంచి నీళ్ల విరేచనాలు, మెడికల్ షాపు మాత్ర వేయొచ్చా?

పటమట బ్రూనో వాళ్ళ ఇల్లు:
మా బ్రూనోకి నాలుగేళ్లు, ముప్పై కిలోలు ఉంటాడు. నిన్న పక్కింటి ఫంక్షన్‌లో ఎవరో బిర్యానీ, చికెన్ ఎముకలు పెట్టారట. రాత్రి నుంచి మోషన్స్. మొదట నీళ్లలా ఎక్కువగా పోయింది, ఇప్పుడు మాటిమాటికీ ముక్కుతూ కూర్చుంటున్నాడు, కొంచెం జిగురుతో వస్తోంది, ఒకసారి ఎర్ర చార కూడా కనబడింది. తెల్లవారుజామున వాంతి అయింది. నీళ్లు తాగుతున్నాడు, పిలిస్తే తోక ఊపుతున్నాడు, తిండి మాత్రం ముట్టట్లేదు. మెడికల్ షాపతను మనుషులకిచ్చే మెట్రోనిడజోల్ (యాంటీబయాటిక్), లోపెరమైడ్ (మోషన్స్ ఆపే మాత్ర) వేయమన్నాడు. ఈ ఎండల్లో డీహైడ్రేషన్ అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంట్లో రెండు నెలల కుక్కపిల్ల కూడా ఉంది, దానికి ఒక్క వ్యాక్సినే అయింది.

మొగల్రాజపురం నుంచి:
అన్నా, ఒక రోజంతా తిండి మానిపించండి, పొట్ట ఖాళీ అయితే అదే సర్దుకుంటుంది. మా ఇంట్లో ఎప్పుడూ అదే చేస్తాం.

గన్నవరంలో చదివిన వెట్:
పెద్ద కుక్క ఒక పూట తినకపోతే ఏమీ కాదు, కానీ రోజంతా మాడ్చాల్సిన పని లేదు. చిన్నపిల్లనైతే అస్సలు మాడ్చకూడదు, రక్తంలో షుగర్ పడిపోతుంది.

బ్రూనో చిగుళ్లు చూడండి. తడిగా, గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కితే తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్ళీ రంగు రావాలి. వేలికి అంటుకునేలా ఎండిపోయినా, పాలిపోయినా సెలైన్ అవసరం పడొచ్చు, ఆలస్యం చేయకండి. మెడ చర్మం లాగి చూడమంటారు గానీ ల్యాబ్‌లకి అక్కడ వదులుగానే ఉంటుంది, దాన్ని నమ్ముకోవద్దు. మలద్వారం దగ్గర జ్వరం చూస్తే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ వరకు మామూలే.

మీరు చెప్పిన జిగురు, ముక్కడం, ఎర్ర చార పెద్దపేగు వాపులో కనిపిస్తాయి. కుక్క హుషారుగా ఉంటే ఒక్క చారకే భయపడక్కర్లేదు. తారులా నల్లగా వచ్చినా, రక్తం ఎక్కువగా పడినా, వాంతులు ఆగకపోయినా, పొట్ట ముట్టుకోనివ్వకపోయినా వెంటనే ఆసుపత్రికే. ఉడికిన ఎముక చీలికలై పేగులో గుచ్చుకోవచ్చు, అందుకే మీ కేసులో ఎక్స్‌రే మాట అడగండి.

లోపెరమైడ్ వద్దు. ఇన్ఫెక్షన్ గానీ విషం గానీ ఉంటే బయటికి పోవాల్సింది లోపలే ఉండిపోతుంది, కోలీ అనే కుక్క జాతులకైతే మరీ ప్రమాదం. మెట్రోనిడజోల్ కూడా ఊరికే వేయకండి, మామూలు విరేచనాలు చాలావరకు కొద్ది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి, ఆ మందు పేగులోని మంచి బ్యాక్టీరియాని కూడా చంపేస్తుంది. 2024లో యూరప్ పశువైద్య నిపుణులు ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా తీవ్రత తక్కువగా ఉంటే యాంటీబయాటిక్ వద్దనే ఉంది. కడుపునొప్పి అనుకుని మనుషుల పెయిన్ కిల్లర్స్ అసలు వేయకండి.

వాంతి ఆగాక ఎముక, తోలు లేని చికెన్ ఉడకబెట్టి మెత్తటి అన్నంలో కలిపి కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు పెట్టండి. ఉప్పు, నూనె, ఉల్లిపాయ, మసాలా ఏదీ వద్దు. పాలు ఆపేయండి. నీళ్ల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచండి.

గుంటూరు, రెండు కుక్కల మనిషి:
ఆ పిల్లని విడిగా ఉంచండి, ప్లీజ్. పెద్దవాడికి తిండివల్లే అయ్యుండొచ్చు, కానీ ఏ పురుగుల వల్లో అయితే పిల్లకి అంటుకుంటుంది. పార్వో (కుక్కపిల్లలకి వచ్చే ప్రమాదకరమైన వైరస్) వ్యాక్సిన్ దాదాపు పదహారు వారాలొచ్చేదాకా విడతల వారీగా పడాలి, ఒక్కదానితో రక్షణ రాదు. పిల్ల డల్ అయి వాంతి, కంపు కొట్టే రక్త విరేచనం మొదలైతే తెల్లవారేదాకా ఆగకండి. పార్వో నేల మీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కి చావదు, బ్లీచింగ్ కలిపిన నీళ్లతో కడగాలి. బ్లీచింగ్ వాసన పోయేదాకా పిల్లల్ని అటు రానివ్వకండి.

పటమట బ్రూనో వాళ్ళ ఇల్లు:
చిగుళ్లు తడిగానే ఉన్నాయండి, నొక్కితే రంగు వెంటనే వస్తోంది. మాత్రలు వేయలేదు. ఎముకల మాట విన్నాక ఆగలేక ఇప్పుడే డాక్టర్ దగ్గరికి బయల్దేరుతున్నాం. మలం ఏమైనా తీసుకెళ్ళాలా?

గన్నవరంలో చదివిన వెట్:
తీసుకెళ్ళండి, తాజాది ఒక చెంచాడు శుభ్రమైన డబ్బాలో. మైక్రోస్కోప్ కింద కొంకి పురుగుల గుడ్లు, జియార్డియా (పేగులో ఉండే సూక్ష్మ పరాన్నజీవి) చూస్తారు. చివరిసారి డీవార్మింగ్ (నులిపురుగుల మందు వేయడం) ఎప్పుడు చేశారో గుర్తు చేసుకుని చెప్పండి. పిల్లని మాత్రం ఇంట్లోనే ఉంచండి, వ్యాక్సిన్లు పూర్తికాకుండా ఆసుపత్రి నేల మీద దించకూడదు.