పక్షులకీ వేటకీ కలిపి ఒకటే చిన్న బైనాక్యులర్: 10×25 సరిపోతుందా, 8×32కి వెళ్ళాలా?

గడ్డిపూలు:
అందరికీ నమస్తే. నాది పక్షుల పిచ్చి, మా అన్నయ్య (మేముండే దేశంలో వేటకి అనుమతి ఉంది) లైసెన్స్ తీసుకుని సీజన్లో జింకల వేటకి వెళ్తాడు, ఇద్దరికీ కలిపి ఒకటే జత కొందామని చూస్తున్నాం. జేబులో పట్టాలని నేను, పెద్దగా కనబడాలని ఆయన, చివరికి 10×25 (పది రెట్లు పెద్దగా చూపించేది, ముందు లెన్స్ వెడల్పు 25 మి.మీ.) దగ్గర ఆగాం. దాని వివరాల్లో ట్విలైట్ ఫ్యాక్టర్ 15.8 అని రాశారు, 8×25కి 14.1 మాత్రమే ఉంది, అంటే వెలుతురు తగ్గాక 10×25తోనే బాగా కనిపిస్తుందనే కదా? ఇంకోటి, నాకు కళ్ళజోడు ఉంది.

తొలికోడి:
10×25 మాత్రం వద్దండి. ఆ ట్విలైట్ ఫ్యాక్టర్ అనేది పవర్‌నీ ముందు లెన్స్ సైజునీ గుణించి వర్గమూలం తీస్తే వచ్చే అంకె, అంతే, లోపల గాజు మంచిదా కాదా, కోటింగ్ ఉందా లేదా అన్నది అందులో ఎక్కడా లేదు. ఆ లెక్కలో 8×32కి 16 వస్తుంది, మీ 10×25కి 15.8, చూస్తే రెండూ ఒకటే అనిపిస్తుంది. ఇప్పుడు ఎగ్జిట్ ప్యూపిల్ చూడండి, అంటే వెనక నుంచి కంట్లోకి వచ్చే వెలుగు చుక్క ఎంత వెడల్పో. 25ని 10తో భాగిస్తే 2.5 మి.మీ., 32ని 8తో భాగిస్తే 4 మి.మీ. మసక వెలుతురులో మన కంటిపాప 5 మి.మీ. దాకా తెరుచుకుంటుంది (వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది), అంత తెరుచుకున్న కంటికి 2.5 ఏం సరిపోతుంది? వర్గం చేసి పోలిస్తే 6.25కీ 16కీ తేడా, అంటే బొమ్మ వెలుగులో రెండున్నర రెట్లు. పైగా చేతి వణుకు కూడా పది రెట్లు పెద్దదవుతుంది, బరువు లేని చిన్న బైనాక్యులర్ని కదలకుండా పట్టుకోవడం ఇంకా కష్టం.

రెక్కలచప్పుడు:
10×25 వద్దన్నదాంట్లో నేనూ మీతోనే, కానీ 25 మి.మీ. సైజునే తీసిపారేయకండి. ఎండ వచ్చాక కంటిపాప 2-3 మి.మీ. ఉంటుంది, 8×25 ఇచ్చేది 3.1, వెలుగు ఏమీ తక్కువ కాదు. జైస్ విక్టరీ పాకెట్ 8×25 బరువు 290 గ్రాములు, కిలోమీటరు దూరంలో 130 మీటర్ల వెడల్పు చూపిస్తుంది, పెద్దవైన 10×42ల్లో చాలావి కూడా అంత చూపించవు. మెడ నొప్పెట్టి బ్యాగులో పడేసిన 42 కంటే జేబులో ఉన్న 25తోనే ఎక్కువ పిట్టల్ని చూస్తాం, ఇది నేను మనస్ఫూర్తిగా నమ్మే మాట. కాకపోతే ఇంత చిన్న సైజులో చవకరకం తీసుకోకూడదు. రూఫ్ ప్రిజమ్ (తిన్నని గొట్టాల రకంలో లోపలుండే గాజుదిమ్మ) ఉన్నదానికి ఫేజ్ కోటింగ్ (ఆ గాజు మీద బొమ్మ స్పష్టంగా రావడానికి వేసే పూత) లేకపోతే ఈకల మీద సన్నటి గీతలు అలుక్కుపోతాయి, అప్పుడు ఎన్ని రెట్లు పెద్దది చేసినా లాభం లేదు.

తొలికోడి:
రెక్కలచప్పుడు గారూ, వెలుగు సరిపోతుందన్నది ఒప్పుకుంటా, కానీ గొడవ వెలుగుతోనే అయిపోదు కదా. 3.1 మి.మీ. చుక్కకి ఎదురుగా కంటిపాప కచ్చితంగా రావాలి, కొంచెం పక్కకి జరిగిందా బొమ్మ అంచున నల్లగా మూసుకుపోతుంది. పొదలో చిన్న పిట్ట ఒక కొమ్మ మీద రెండు సెకన్లు కూడా ఆగదు, మనం కన్ను సర్దుకునేలోపు ఎగిరిపోతుంది. 4 మి.మీ. ఉంటే ఎత్తగానే కనిపిస్తుంది, ఆ హాయి వేరు. గడ్డిపూలు గారికి కళ్ళజోడు కూడా ఉంది కాబట్టి ఐ రిలీఫ్ (బొమ్మ మొత్తం కనిపిస్తూనే వెనక లెన్స్‌కి కన్ను ఎంత దూరంలో ఉండొచ్చో ఆ కొలత) కనీసం 15-16 మి.మీ. ఉన్నదే చూడాలి, లేకపోతే బొమ్మ చుట్టూ అంచులు కోసేసినట్టు మధ్యలో ముక్కే కనిపిస్తుంది. దట్టమైన చెట్ల కింద మిట్టమధ్యాహ్నం కూడా మసకే అన్నది ఇంకో సంగతి.

ఇక వేట. ఇక్కడ నేను అస్సలు రాజీపడను. జింకలు బయటికొచ్చేది తెల్లవారుజామున, మళ్ళీ పొద్దుగూకే వేళ, చిన్న లెన్స్ చేతులెత్తేసేది సరిగ్గా అప్పుడే. ఆ కనిపించేది మగదా ఆడదా, కొమ్ములు ఎంతున్నాయి, దాని వెనకాల మనిషెవరైనా ఉన్నారా, ఇవన్నీ తేలాకే తుపాకీ ఎత్తాలి. బైనాక్యులర్లో తేలకపోతే కొందరు తుపాకీ మీదున్న స్కోప్‌లోంచి చూస్తారు, అది చాలా పెద్ద తప్పు, స్కోప్ ఎటు తిరిగితే గొట్టం అటే తిరుగుతుంది, అక్కడున్నది మనిషైతే? అందుకే వేటకి చూపు తక్కువైన బైనాక్యులర్ వద్దంటున్నా, జేబులో పట్టకపోతే పట్టకపోనీ.

గుట్టదారి:
నేను వేటకి వెళ్ళేవాణ్ణే. తొలికోడి చెప్పిన స్కోప్ మాట ప్రతి కొత్తవాడికీ చెప్పాలి. కానీ అన్నా, చీకటి పడే వేళకి 32 కూడా అంతంతమాత్రమే, నేనైతే 8×42 అంటాను, 5.25 మి.మీ. వస్తుంది, దానికి భుజాల మీదుగా వేసుకునే హార్నెస్ పెట్టుకుంటే రోజంతా తిరిగినా మెడ మీద బరువు తెలీదు. 10× కావాలంటే కూర్చుని మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి చూడాలి, నడుస్తూ నిలబడి చూసేవాళ్ళకి 8× చాలు. వానలో తిరిగేవాళ్ళు లోపల నైట్రోజన్ నింపిన వాటర్‌ప్రూఫ్‌దే తీసుకోండి, లేకపోతే చలిలోకి వెళ్ళగానే లోపలి అద్దాల మీద ఆవిరి పడుతుంది, దాన్ని తుడిచే దారి ఉండదు. డబ్బు తక్కువుంటే పాత పద్ధతి పోరో ప్రిజమ్ (గొట్టాలు తిన్నగా కాకుండా మధ్యలో మెట్టులా ఉండే రకం) 8×30 చూడండి, దానికి ఫేజ్ కోటింగ్ అవసరమే లేదు, అదే డబ్బుకి బొమ్మ శుభ్రంగా వస్తుంది, కాస్త లావుగా ఉంటుంది.

రెక్కలచప్పుడు:
నా ఉద్దేశంలో అసలు చిక్కు సైజు కాదు, ఇద్దరికి ఒకటే జత అనుకోవడంలో ఉంది. పక్షులు బాగా తిరిగేదీ తెల్లవారుజామునే, జింకలు తిరిగేదీ అప్పుడే, సీజన్ వస్తే ఆ జత ఎవరి మెడలో ఉంటుంది? కళ్ళ మధ్య దూరం, డయాప్టర్ (రెండు కళ్ళ చూపులో తేడాని సరిచేసే చక్రం) చేయి మారినప్పుడల్లా మళ్ళీ సర్దుకోవాలి, అది సర్దేలోపు ఏదీ ఆగదు. అన్నయ్యకి గుట్టదారి చెప్పిన 8×42, మీకు మంచి 8×25, విడివిడిగా. ముందు ఒకటి కొని రెండోది తర్వాత కొన్నా పర్లేదు.

గడ్డిపూలు:
రెండు జతలంటే ఇప్పుడైతే కష్టం అండి. 10×25 మాత్రం జాబితాలోంచి తీసేశాను. ఒక్కటే అయితే 8×32 అని అన్నయ్యని ఒప్పించాలి, ఆయనకి ఇంకా 10 అన్న అంకె మీదే మనసుంది.

తొలికోడి:
అంకెలతో వాదించకండి, చూపించండి. ఎవరి దగ్గరైనా ఒక 10×25, ఒక 8×32 అడిగి తీసుకుని, సూర్యుడు దిగాక ఓ ఇరవై నిమిషాలకి చెట్టు మొదట్లో ముదురు రంగు గుడ్డ ఒకటి పెట్టి ఇద్దరూ చూడండి. లైట్ల కింద చూస్తే అన్నీ బాగానే ఉంటాయి, ఆ తేడా అక్కడ బయటపడదు. చూసేముందు ఎడమ కన్నుతో మధ్య చక్రం తిప్పి ఫోకస్ చేసుకుని, తర్వాత కుడి కన్నుకి డయాప్టర్ సర్దుకోమనండి (చాలావాటిల్లో అది కుడివైపే ఉంటుంది), అది చెయ్యకుండా పోలిస్తే మంచిది కూడా మసగ్గానే కనిపిస్తుంది. మీరు కళ్ళజోడు పెట్టుకునే చూడండి, ఐకప్‌లు (కంటికి ఆనే రబ్బరు అంచులు) కిందికి దించి.