అప్‌డేట్: టెక్కలి క్వారీ గోడకు ఏ సాఫ్ట్‌వేర్?

టెక్కలి దగ్గర గ్రానైట్ క్వారీ గోడ జారుతుందో లేదో తేల్చడానికి స్లైడ్ (గట్లు జారతాయో లేదో లెక్కించే సాఫ్ట్‌వేర్) సరిపోతుందా అని మొన్న అడిగాను కదా. "ముందు డిప్స్‌లో (పగుళ్ల వాలు, దిశలను పటంగా చూపే సాఫ్ట్‌వేర్) పగుళ్లు ప్లాట్ చెయ్యండి" అన్నవారికి చాలా థాంక్స్. బ్రంటన్ కంపాస్‌తో పగుళ్ల వాలు, దిశ కొలిచి ఎక్కించాం. రెండు వరసల పగుళ్లు కలిసే గీత 48 డిగ్రీల వాలుతో గోడలోంచి బయటికి వస్తోంది. గోడ వాలు 75, రాపిడి కోణం (రాపిడి ఒక్కటే రాయిని జారకుండా ఆపగల వాలు) 35. గీత వాలు ఈ రెండింటి మధ్య ఉంది. అంటే రెండు పగుళ్ల మధ్య రాయి వెడ్జ్ (చీల) ఆకారపు ముక్కలా జారే వీలుంది. స్లైడ్‌లో మామూలుగా చూసే గుండ్రటి జారుడు తలం మట్టిగట్లకు నప్పుతుంది గానీ ఇలాంటి గట్టి రాయికి కాదు.

అందుకే ఇలాంటి ముక్కల జారుడు లెక్కించే ఎస్‌వెడ్జ్ సాఫ్ట్‌వేర్‌లో చూశాం. పొడిగా ఉంటే భద్రతా గుణకం (1 కంటే తగ్గితే జారుతుందని లెక్క) 1.4, పగుళ్లలో నీరు నిండితే 0.9. టెన్షన్ అదే. పగుళ్ల అంచున తుప్పురంగు చారలున్నాయి, నీళ్లు దిగుతున్నట్టే. తుపాన్ల సీజన్‌కి ముందే పైన కాలువ తవ్విస్తామని, అప్పటిదాకా ఆ గోడ కింద ఎవరినీ పనికి పెట్టబోమని మేనేజర్ గారు ఒప్పుకున్నారు. రాక్ బోల్టుల (రాయిని బిగించి పట్టే ఉక్కు కడ్డీలు) లెక్క ఇంకా చెయ్యాలి.